బడిలో పేదరికం, భేదభావం, సహనం: మా తరగతి గది అనుభవాలు

స్కాలర్‌షిప్ దరఖాస్తుల కాలం వచ్చిందంటే చాలా బడుల్లో ఒక దృశ్యం కనబడుతుంది. క్లాస్ టీచరు హాజరుపట్టీ తెరిచి, "ఎస్సీ పిల్లలు లేవండి... ఎస్టీలు... బీసీలు... మైనారిటీలు..." అని వరసగా పిలుస్తారు. లేచిన తలలు లెక్కపెట్టి కాగితం మీద వేసుకుంటారు. సాయంత్రంలోగా లిస్టు కావాలని ఆఫీసు గది నుంచి అప్పటికే రెండుసార్లు కబురు వచ్చి ఉంటుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ముప్ఫై ఏళ్ళకు దగ్గరపడిన మా ఉద్యోగ జీవితంలో మేమూ ఎన్నోసార్లు అలాగే పిలిచాము.

ఒక సంవత్సరం ఏడో తరగతిలో లెక్క తేలలేదు. రిజిస్టరులో పదకొండు మంది ఉంటే పదిమందే లేచారు. లేవని పిల్లవాడు ఎవరో మాకు తెలుసు. కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇంటర్వెల్‌లో పక్కకు పిలిచి, "ఏరా, నీ పేరు పిలిచినట్టే కదా, ఎందుకు లేయలేదు? డబ్బులు వద్దా?" అని అడిగాము. వాడు చెప్పులతో నేల రాస్తూ, "లేస్తే తెలిసిపోతాది సార్" అన్నాడు. ఆ సంవత్సరమే పల్లె నుంచి టౌనులోని బడికి వచ్చాడు. కొత్త స్నేహితులు క్రికెట్ టీములో చేర్చుకున్నారు. వాళ్ళలో ఒకడి ఇంటికి వెళ్ళి అన్నం కూడా తిన్నాడు. ఏడాదికి వచ్చే ఆ కొద్దిపాటి స్కాలర్‌షిప్ కంటే ఆ ఇంటి గడప వాడికి విలువైనదిగా తోచింది.

పేదరికం గురించి, కులమత భేదాల గురించి, సహనం గురించి పిల్లలకు బడిలో ఎలా బోధించాలో ఒక వ్యాసం రాయమని సొసైటీ పెద్దలు మమ్మల్ని కోరినప్పుడు మాకు మొదట గుర్తొచ్చింది ఆ పిల్లవాడే. ఈ విషయాల మీద పాఠ్యపుస్తకంలో పాఠాలు ఉన్నాయి. అవి మంచి పాఠాలే. కానీ పుస్తకం తెరవకముందే, హాజరు పిలిచే ఆ పది నిమిషాల్లో, పిల్లలు అసలు పాఠం నేర్చేసుకుంటున్నారు.

ఇది మా ఊహ అని అనుకోకండి. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలతో ఒక పరీక్ష చేశారు. కాగితం మీద దారి కనుక్కునే చిక్కుముడి బొమ్మలు ఇచ్చి, ఎన్ని విప్పితే అంత డబ్బు ఇస్తామన్నారు. ఎవరి కులమూ చెప్పకుండా పరీక్ష పెట్టినప్పుడు అగ్రకులాల పిల్లలూ దళిత పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. అదే పరీక్షకు ముందు అందరి ఎదుటా ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, కులం చదివి వినిపిస్తే, దళిత పిల్లలు విప్పిన చిక్కుముడుల సంఖ్య స్పష్టంగా పడిపోయింది. ఈ ఫలితాలు 2006లో ప్రచురితమయ్యాయి. తెలివి అదే, బొమ్మలు అవే, వచ్చే డబ్బూ అదే. మధ్యలో వచ్చి చేరింది ఒక ప్రకటన మాత్రమే. బి.ఎడ్.లో మేము ఎన్నో మనస్తత్వ సిద్ధాంతాలు చదివి పరీక్ష రాసి మరిచిపోయాము. ఈ ఒక్క ఫలితం మాత్రం హాజరుపట్టీ తెరిచినప్పుడల్లా గుర్తుకొస్తుంది.

మేము చేసిన మార్పు చాలా చిన్నది. లేచి నిలబడమనడం మానేశాము. అడ్మిషన్ రిజిస్టరులో వివరాలు ఎలాగూ ఉంటాయి కాబట్టి జాబితా అందులోంచే తీస్తాము. ఫారాలు అందరికీ ఒకేరకం కవరులో పెట్టి, ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చే రోజు తల్లిదండ్రుల చేతికి ఇస్తాము. పని ఒక పూట ఎక్కువ పడుతుంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. బెత్తం పక్కన పెట్టి పదేళ్ళు దాటినా, మాటతో తగిలే దెబ్బ చట్టం కిందికి వస్తుందని మాలో చాలామందికి తట్టలేదు.

ఇక పేదరికం గురించి పాఠం. ఎనిమిదో తరగతిలో "కొందరు ఎందుకు పేదవాళ్ళుగా ఉన్నారు?" అని అడిగి చీటీల మీద పేరు లేకుండా రాయమన్నాము. వచ్చిన సమాధానాల్లో ఎక్కువ భాగం "పని చేయరు", "తాగుతారు", "చదువుకోలేదు", "పిల్లలు ఎక్కువ". ఇవి రాసినవాళ్ళలో సగం మంది కూలి ఇళ్ళ పిల్లలే. అమ్మ తెల్లవారుజామున లేచి నాలుగిళ్ళలో అంట్లు తోమి వస్తుంటే, పేదవాళ్ళు పని చేయరని ఆ బిడ్డే రాసింది. తమ గురించి లోకం అనే మాటను పిల్లలు ఎంత తొందరగా తమ మాటగా చేసుకుంటారో ఆ రోజు చూశాము.

దానికి నీతిబోధ పనికిరాదనిపించింది. మరుసటి వారం లెక్కల పీరియడ్ అడిగి తీసుకున్నాము. బోర్డు మీద ఒక కల్పిత కుటుంబాన్ని రాశాము. మన ఊరి పిల్లల ఇళ్ళ సంగతి ఎవరినీ అడగలేదు, అది ముఖ్యం. తండ్రికి రోజు కూలి 450 రూపాయలు, నెలలో 24 రోజులు పని. మొత్తం 10,800. ఖర్చులు పిల్లలే చెప్పారు: ఇంటి అద్దె 3,000, బియ్యం, పప్పు, నూనె 4,000, పాలు, కూరగాయలు 1,200, గ్యాసు 900, కరెంటు 400, బస్సు, ఆటో 600, సెల్లు రీచార్జి 300, చీటీ 500. కూడితే 10,900 వచ్చింది. ఎవరూ తాగలేదు, సినిమాకు పోలేదు, అప్పుడే వంద రూపాయలు తక్కువ. తర్వాత, "ఈ నెల తండ్రికి జ్వరం వచ్చింది. ఆస్పత్రికి 800, మూడు రోజులు పని లేదు" అన్నాము. లోటు 2,250కి చేరింది. "ఇప్పుడు ఏది తగ్గిస్తారు?" అని అడిగాము.

వెనక బెంచీలో ఒక వ్యాపారి కొడుకు, "చీటీ కట్టడం నిలిపేస్తే సరి" అన్నాడు. వెంటనే ముందు బెంచీ నుంచి ఒక అమ్మాయి వెనక్కి తిరిగి, "నిలిపేస్తే జూన్‌లో ఫీజు ఏంటితో కడతారు? చీటీ పాడేది దానికే కదా" అంది. ఇంకొకరు పాలు తగ్గించమన్నారు. "ఇంట్లో పసిబిడ్డ ఉంటే?" అని మరొకరు. గంట కొట్టినా వాదన ఆగలేదు. ఆ తర్వాత అదే ప్రశ్నకు మళ్ళీ చీటీలు రాయించాము. "తాగుతారు" అన్నది పూర్తిగా పోలేదు. తాగుడు వల్ల పాడైన ఇళ్ళు మన మధ్య ఉన్నాయి, పిల్లలు చూస్తున్నదే రాస్తారు. కానీ "కూలి చాలదు", "జ్వరం వస్తే అప్పు అవుతాది", "టమేటా రేటు పడిపోతే" అనే మాటలు కొత్తగా వచ్చాయి.

ఆ టమేటా మాట మదనపల్లె వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్లవాడిది. దాన్ని పట్టుకుని ఇంకో పాఠమే అయింది. మదనపల్లె మార్కెట్‌లో 2023 జూలైలో కిలో టమేటా వంద రూపాయలు దాటింది. పత్రికలు కోటీశ్వరులైన రైతుల గురించి రాశాయి. అదే మార్కెట్‌లో కోత కూలి కూడా రాక పంటను రోడ్డు పక్కన పారబోసి వెళ్ళిన సంవత్సరాలు ఎన్నో. రెండు సందర్భాల్లోనూ రైతు అదే, కష్టం అదే. ధర మీద అతనికి అధికారం లేదు. వానకు ఎదురుచూసే వేరుశనగ చేలు, అడుగంటిన బోర్లు, బెంగుళూరుకూ చెన్నైకీ పోయే వలస బస్సులు, ఇవన్నీ మన పాత చిత్తూరు జిల్లా పిల్లలకు కంటి ముందున్న పాఠాలు. ఆఫ్రికా ఆకలి ఫోటోలు చూపించి పేదరికం బోధించవలసిన పని మనకు లేదు. అలా చూపిస్తే పేదరికం ఎక్కడో దూరాన ఉండేదనే భ్రమ కూడా పిల్లలకు కలుగుతుంది.

ఇక్కడ దాతలైన మీతో ఒక కష్టమైన మాట చెప్పాలి. చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాము.

కొన్నేళ్ళ కిందట ఒక నోటుపుస్తకాల పంపిణీ సభకు ఉపాధ్యాయులుగా మమ్మల్ని పిలిచారు. ఏ సంస్థ, ఏ ఊరు అన్నది ఇక్కడ అనవసరం. ఖర్చు బాగా పెట్టారు, మనసు పెట్టారు. షామియానా, మైకు, వేదిక మీద పదిహేను కుర్చీలు. మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు, తరగతిలో ఫస్టు, ఆ జాబితాలో ఉంది. మైకులో ఆ అమ్మాయి పేరు చదివి, "తండ్రి లేని బిడ్డ, తల్లి ఇళ్ళలో పని చేసి పోషిస్తోంది" అని కలిపారు. జాలి పుట్టించాలనే అలా అన్నారు. పుస్తకాలు ఇస్తుండగా ఫోటో సరిగా రాలేదని ఒకసారి, వేదిక మీది పెద్దమనిషి కెమెరా వైపు చూడలేదని ఇంకోసారి, మొత్తం మూడుసార్లు ఆ అమ్మాయి చేత అవే పుస్తకాలు తీసుకునేటట్టు చేయించారు. కింద మొదటి వరుసల్లో కూర్చున్నది ఆమె తోటి విద్యార్థులే.

మరుసటి సోమవారం ఆ అమ్మాయి పుస్తకాలు చూశాము. అట్ట మీద దాతగారి ఫోటో, సంస్థ పేరు ఉన్నాయి. వాటి మీద పాత దినపత్రిక కాగితం అట్టగా వేసి, నాలుగు వైపులా గమ్ముతో అంటించుకుంది. మేము ఏమీ అడగలేదు. ఆమె కూడా ఏమీ చెప్పలేదు. ఆ సంవత్సరం పబ్లిక్ మీటింగ్ అని పేరు వినబడితే చాలు, బడికి రాకుండా ఉండేది.

మన ధర్మంలో ఈ విషయం మీద ఉన్నంత స్పష్టమైన మాట మరెక్కడా మాకు కనబడలేదు. దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో 264వ ఆయత్, ఇచ్చిన దానాన్ని ఎత్తిపొడుపుతోను, మనసు నొప్పించడంతోను వృథా చేసుకోవద్దని హెచ్చరిస్తుంది. 271వ ఆయత్ బహిరంగంగా ఇవ్వడం మంచిదేనంటూనే, పేదలకు రహస్యంగా ఇవ్వడం మరింత మేలని చెబుతుంది. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియనంత గుట్టుగా ఇచ్చేవారి గురించిన హదీసు మీ అందరికీ తెలిసినదే. నలుగురికీ తెలిసేలా ఇస్తే మరో నలుగురు ముందుకొస్తారని మీలో కొందరు అంటారు. ఆ వాదనలో బలం ఉంది, మేము కాదనము. అయితే దాత పేరు నలుగురికీ తెలియడానికి, తీసుకునే పిల్ల పేరు మైకులో చదవవలసిన అవసరం లేదు. మీ పేరు బడి గోడ మీద వేయించండి, సావనీరులో వేయించండి, సభలో సన్మానం చేయించుకోండి. బిడ్డను మాత్రం వేదిక ఎక్కించకండి.

తీసుకునే బిడ్డ గురించే కాదు మా ఆందోళన. కింద కూర్చుని చూస్తున్న మిగతా పిల్లలు కూడా ఒక పాఠం నేర్చుకుంటున్నారు. వేదిక మీద ఉండేవారు ఇచ్చేవారు, వంగి తీసుకునేవారు పేదవారు అని వాళ్ళ మనసులో ఒక బొమ్మ ముద్రపడుతుంది. మీ సొంత పిల్లలు ఆ సభలో ఉంటే వాళ్ళకూ అదే బొమ్మ.

మీ పిల్లల మాట వచ్చింది కాబట్టి ఢిల్లీలో జరిగిన మరో అధ్యయనం చెప్పుకోవాలి. ప్రభుత్వ ఆదేశం వల్ల 2007 నుంచి అక్కడి పెద్ద ప్రైవేటు బడులు పేద కుటుంబాల పిల్లలకు కొన్ని సీట్లు కేటాయించవలసి వచ్చింది. పేదపిల్లలతో ఒకే తరగతిలో కూర్చుంటే తమ పిల్లల చదువు, నడత పాడైపోతాయని సంపన్న తల్లిదండ్రులు భయపడ్డారు. ఆర్థికశాస్త్రవేత్త గౌతమ్ రావు ఆ సంపన్న పిల్లలనే పరిశీలించారు. పేద సహాధ్యాయులతో చదివిన పిల్లలు ఇతరుల పట్ల మరింత ఉదారంగా ఉన్నారు, సేవాకార్యక్రమాలకు ఎక్కువగా ముందుకొచ్చారు. రిలే పరుగుపందెంలో జట్టును ఎంచుకోమన్నప్పుడు, వేగంగా పరుగెత్తగల పేద పిల్లవాడిని కాదని తమలాంటివాడిని ఎంచుకోవడం వారిలో తక్కువగా కనిపించింది. 2019లో ఇది అమెరికన్ ఎకనమిక్ రివ్యూ పత్రికలో వచ్చింది. విద్యాహక్కు చట్టంలోని 25 శాతం సీట్ల నిబంధన ఆలోచన కూడా ఇలాంటిదే. రేపటి దాతలను తయారుచేయాలంటే వాళ్ళను చిన్నప్పుడే పేద పిల్లల పక్కన కూర్చోబెట్టడం కంటే తేలికైన మార్గం మాకు తెలియదు. వేదిక మీద కాదు, బెంచీ మీద.

రంగు గురించి కొంచెం. జాతివివక్ష అనగానే అది అమెరికాలో, దక్షిణాఫ్రికాలో ఉండేదని మన పిల్లలు పరీక్షలో రాస్తారు. అదే పిల్లలు గ్రౌండులోకి వెళ్ళి "ఒరేయ్ కర్రోడా" అని పిలుచుకుంటారు. నల్లగా ఉన్న ఆడపిల్లకు వార్షికోత్సవ నాటికలో రాణి వేషం ఇచ్చిన టీచరును మేము ఇంతవరకు చూడలేదు. మా బడిలో మేమూ ఇవ్వలేదు.

ఆరో తరగతిలో రూబీ బ్రిడ్జెస్ కథ చెబుతాము. 1960 నవంబరు 14న న్యూ ఆర్లీన్స్ నగరంలో ఆరేళ్ళ నల్లజాతి బాలిక తెల్లవారి బడికి వెళ్ళింది. ఆమె వెంట ప్రభుత్వ మార్షల్స్ నడవవలసి వచ్చింది. తెల్లవారు తమ పిల్లలను తరగతి నుంచి తీసుకుపోయారు. బార్బరా హెన్రీ అనే ఉపాధ్యాయిని ఒక్కతే ఆ సంవత్సరమంతా ఆ ఒక్క పిల్లకు పాఠం చెప్పింది. పిల్లలు ఈ కథను ఊపిరి బిగబట్టి వింటారు. "ఒక్కటే కూర్చుంటే ఆడుకునేదానికి ఎవురు సార్?" అని అడుగుతారు. పెద్దలకు తట్టని ప్రశ్న అది. తర్వాత హజ్రత్ బిలాల్ గురించి అడుగుతాము. మన పిల్లలు మక్తబ్‌లో నేర్చుకుని ఉంటారు కాబట్టి చేతులు టకటకా లేస్తాయి. అబిసీనియా మూలాలున్న నల్లనివాడు, బానిసగా హింసలు పడ్డవాడు, ఇస్లాం తొలి ముఅజ్జిన్ అయ్యాడని గర్వంగా చెబుతారు. అప్పుడు, "మరి మీ తరగతిలో కర్రోడు అని ఎవరిని పిలుస్తున్నారు?" అంటాము. చేతులు దిగిపోతాయి.

అమెరికాలోనే జేన్ ఇలియట్ అనే టీచరు 1968లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మరుసటి రోజు, తన మూడో తరగతి పిల్లలను కంటిపాప రంగును బట్టి రెండుగా విడదీసి, ఒక గుంపును పైవారిగా, మరో గుంపును కిందివారిగా చూసింది. వివక్ష ఎలా ఉంటుందో అనుభవించి తెలుసుకోవాలని ఆమె ఉద్దేశం. శిక్షణ తరగతుల్లో ఈ ప్రయోగాన్ని చాలా మెచ్చుకుంటారు. మేము మాత్రం దాన్ని మా బడిలో చేయము. తెలియనివాడికి తెలియజెప్పడానికి ఆ ప్రయోగం. మా తరగతిలో సగం మందికి అది ఇంటి దగ్గరే తెలుసు.

ఆ సంగతి అంబేద్కర్ పాఠం రోజు బయటపడుతుంది. 1901లో తొమ్మిదేళ్ళ బాలుడు భీమరావు ఇంట్లోని ఇతర పిల్లలతో కలిసి తండ్రిని చూడటానికి కోరేగావ్ బయలుదేరడం, రైలు దిగాక కులం తెలిసి బండివాళ్ళు ఎక్కించుకోవడానికి నిరాకరించడం, దారిలో తాగడానికి నీళ్ళు దొరకకపోవడం, ఇదంతా ఆయన స్వయంగా రాసుకున్నది. పాఠం అయిపోగానే ఒక పిల్లవాడు, "ఇప్పుడట్లా లేదు కదా సార్" అన్నాడు. మేము అవునని తల ఊపి ముందుకు పోబోతుంటే మరొకడు, "మా ఊర్లో టీ కొట్లో మా తాతకి వేరే గ్లాసు సార్" అన్నాడు. తరగతి నిశ్శబ్దమైంది. పాఠం ముగించి హోంవర్క్ రాయించాలనే తొందర మాకూ కలిగింది. ఆ తొందరే తప్పు. ఆ రోజు హోంవర్క్ ఇవ్వలేదు. రాజ్యాంగం 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసిందనే వాక్యాన్ని, ఆ గ్లాసును పక్కపక్కన పెట్టి మిగిలిన పీరియడ్ అంతా మాట్లాడుకున్నాము.

ఇతరుల ఇళ్ళలో దుమ్ము చూపించి మన ఇల్లు ఊడవకుండా వదలడం న్యాయం కాదు. ఒక రోజు మన పిల్లల్లోనే ఒకడు మరొకడి గురించి, "వాళ్ళు దూదేకులోళ్ళు సార్, అసలు తురకలు కాదంట" అన్నాడు. ఆ పిల్లవాడికి ఉర్దూ రాదు, ఇంట్లో తెలుగే. ఈ మాట వాడు పుస్తకంలో చదివింది కాదు, ఇంట్లో భోజనాల దగ్గర విన్నది. నూర్‌బాషా, దూదేకుల కుటుంబాలు రాయలసీమ పల్లెల్లో తరతరాలుగా పత్తి ఏకుతూ, పరుపులు కుడుతూ బతికాయి. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యుల్లో ఈ జిల్లాల ప్రజలు అందరికంటే ఎక్కువగా తలచుకునే సిద్దయ్య దూదేకుల కుటుంబంవాడే. నమాజు వరుసలో భుజం భుజం కలిపి నిలబడే మనం, సంబంధాల మాట వచ్చేసరికి ఏమి అడుగుతున్నామో మనకు తెలుసు. బడిలో సమానత్వం గురించి మేము ఎంత చెప్పినా, ఇంటి దస్తర్‌ఖాన్ దగ్గర వినబడే ఒక్క మాట దాన్ని తుడిచేస్తుంది.

ఇక సహనం. మాకు ఈ మాట మీదే కొంచెం ఫిర్యాదు ఉంది. పంటినొప్పిని సహిస్తాము, ఎండను సహిస్తాము. పక్కింటివారిని సహించడం అంటే వారు కూడా ఒక బాధ అన్నట్టే. ఆగస్టు 15 నాటికి ప్రతి బడిలో ముగ్గురు పిల్లలకు మూడు మతాల వేషాలు వేసి చేతులు పట్టించి ఫోటో తీస్తారు. టోపీ పెట్టుకునే వేషానికి ప్రతిసారీ మన పిల్లవాడినే వెతుకుతారు. ఆ పిల్లవాడు మిగతా 364 రోజులు లెక్కల్లో ఫస్టు వచ్చేవాడో, బౌలింగ్ బాగా వేసేవాడో. ఆ రోజు మాత్రం టోపీ.

మన ప్రాంతానికి ఇంతకంటే మంచి ఉదాహరణలు ఉన్నాయి. ఉగాది నాడు దేవుని కడప వేంకటేశ్వరస్వామి గుడికి ముస్లిం కుటుంబాలు వెళ్ళడం, బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడబిడ్డగా చెప్పుకోవడం ఇప్పటికీ జరుగుతోంది. కడప పెద్ద దర్గాకు అన్ని మతాలవారూ వస్తారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయప్ప పీర్లను మోసేవారిలో హిందువులే ఎక్కువ. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరంతో గుళ్ళలో స్వామి ఎదుట వాయించి పద్మశ్రీ అందుకున్నారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ మన తిరుపతిలోని లూథరన్ మిషన్ బడిలో చదివారు. వీటిలో కొన్ని ఆచారాలను మన ఉలమాలు ఒప్పుకోరని మాకు తెలుసు. ఎవరూ తమ నమ్మకాన్ని మార్చుకోవాలని మేము ఈ విషయాలు చెప్పడం లేదు. ఇరుగుపొరుగు ఇన్ని వందల ఏళ్ళు ఎలా బతికారో పిల్లలకు తెలియాలని చెబుతున్నాము. అదే సమయంలో, మన పిల్లలు స్నేహితుడి ఇంటి పూజ గురించి, విగ్రహం గురించి ఎగతాళిగా మాట్లాడినా అంతే గట్టిగా ఆపుతాము.

క్రికెట్ మ్యాచి మరుసటి రోజు ఎనిమిదో తరగతిలో ఒకడు మన పిల్లవాడిని, "నువ్వు పాకిస్తాన్ సపోర్టు కదా" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు. వీడు ఏమీ అనలేదు. వీడి తండ్రి రోజూ తెల్లవారకముందే బస్టాండు నుంచి అలిపిరికి యాత్రికులను తీసుకెళ్ళే ఆటో డ్రైవరు. ఆ రోజు మధ్యాహ్న భోజనం పళ్ళెం పట్టుకుని వీడు ఒంటరిగా మెట్ల మీద కూర్చున్నాడు.

ఇద్దరినీ పిలిచి క్షమాపణ చెప్పించవచ్చు. చెప్పించి చూశాము చాలాసార్లు, పనిచేయదు. ఎలియట్ ఆరాన్సన్ 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్ బడుల్లో, నల్ల, తెల్ల పిల్లలను కలిపిన కొత్తలో గొడవలు వచ్చినప్పుడు ఒక పద్ధతి పెట్టారు. పాఠాన్ని ముక్కలు చేసి గుంపులో ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క ఇస్తారు. ఎవరి ముక్క వారు నేర్చుకుని మిగతావారికి చెప్పాలి. ఒకరు చెప్పింది వినకపోతే ఎవరికీ పూర్తి పాఠం రాదు. కలిసి ఒకచోట ఉన్నంత మాత్రాన భేదభావం పోదని, సమాన హోదా, ఒకే లక్ష్యం, పరస్పర సహకారం, పెద్దల మద్దతు ఉండాలని గార్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే రాశారు. మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీవారు పల్లె బడుల కోసం తయారుచేసిన కార్డుల పద్ధతిలో కూడా, రకరకాల వయసుల పిల్లలు చిన్న గుంపులుగా కూర్చుని ఒకరికొకరు నేర్పుకోవడం చూస్తాము. దూరం పోనక్కరలేదు.

ఆ ఇద్దరినీ ఒకే గుంపులో వేసి రాయలసీమ చెరువుల పాఠం ఇచ్చాము. మన ఆటో డ్రైవరు కొడుకుకు వచ్చింది చెరువు కట్ట, తూము, కలుజు ఎలా పనిచేస్తాయన్న భాగం. వాడి తాతది చెరువు కింద అరెకరం ఉండేదట. మట్టితో తూము చేసి చూపించాడు. ఆ పాకిస్తాన్ మాట అన్నవాడు మూడుసార్లు అడిగి రాసుకున్నాడు. వాళ్ళు ప్రాణస్నేహితులైపోయారని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టము. ఆ మాట మాత్రం మళ్ళీ వినబడలేదు. నవంబరులో ఒకసారి ఇద్దరూ ఒకే సైకిల్ మీద ట్యూషన్‌కు పోతుంటే చూశాము.

ఈ సంవత్సరం మన సొసైటీ తరఫున నోటుపుస్తకాల పంపిణీ ఎలా చేస్తే బాగుంటుందని కమిటీవారు అడిగారు. పుస్తకాలు జూన్‌లో బడి తెరవకముందే ప్రధానోపాధ్యాయులకు చేర్చమని, మేము జాబితా చూసి విడిగా ఇస్తామని, ఎవరికి ఇచ్చామో లెక్క కమిటీ ఆడిటుకు మాత్రమే చూపిస్తామని రాసి ఇచ్చాము. సగం డబ్బుతో దూరం నుంచి వచ్చే ఆడపిల్లలకు బస్సు పాసులు ఇప్పించమని కూడా కోరాము. చర్చ బాగా జరిగింది, ఇద్దరు ముగ్గురు పెద్దలకు ఇంకా పూర్తిగా నచ్చలేదు. చివరకు ఒప్పుకున్నారు. అట్ట మీద ఏమి వేయాలని ప్రెస్సువారు ఫోన్ చేసి అడిగారు. మేము తరగతిలో పిల్లలనే అడిగాము. పేరు, తరగతి, సబ్జెక్టు రాసుకోవడానికి మూడు గీతలు ఉంటే చాలన్నారు.